ఊగిన ఇల్లు ఎట్లా ఆగింది?

పిలకాయలూ, ఇట్లా తిన్నె మీదికి రండి. కరెంటు ఎట్లాగూ పోయింది, అది వచ్చేలోపల ఒక కబురు చెప్పుకుందాం. పొద్దున మన అమ్మణ్ణి అడిగింది కదా, "తాతా, మన తిరుపతికి భూకంపం వస్తుందా?" అని. ఎందుకు రాదమ్మా, వచ్చి పోయింది కూడా. 2022 ఏప్రిల్ 3న, రాత్రి ఒంటిగంట దాటి పది నిమిషాలకి, తిరుపతికి ఈశాన్యంగా 85 కిలోమీటర్ల దూరాన భూమి కదిలింది. తీవ్రత 3.6. మీరంతా మంచి నిద్రలో ఉంటిరి, మీకేం తెలుస్తుంది! అంతకు కొన్ని నెలల ముందు, 2021 నవంబరు వానలు మనల్ని ముంచెత్తి పోయినాక, పలమనేరు, రామకుప్పం పక్క పల్లెల్లో భూమి లోపల్నించి శబ్దాలొస్తున్నాయని, ఇంట్లో సామాన్లు కదిలినాయని జనం చంటిబిడ్డల్ని చంకనేసుకుని వీధుల్లోకి వచ్చినారు.

భయపడాల్సినంత పెద్దవి కావులే అవి. తీవ్రత ఒక్క అంకె పెరిగిందంటే బయటపడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 1967 మార్చి 27న ఒంగోలులో వచ్చింది 5.4. అంటే మన 3.6కి దాదాపు ఐదువందల రెట్లు. 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ దగ్గర వచ్చింది 7.7. అది మనదానికి పది లక్షల రెట్లకు పైమాటే. లెక్క వేసుకుంటా పోతే కళ్ళు తిరుగుతాయి.

భూకంపం మాట వస్తే అందరూ అడిగేది ఒకటే, భూమి ఎందుకు కదులుతుంది అని. దానికి జవాబు మీ బళ్ళో సారు చెప్తాడు. నేనడిగేది ఇంకోటి. కదిలిన ఇల్లు ఎందుకు ఆగిపోయింది? పలమనేరులో ఊగిన ఆ ఇళ్ళను ఎవరూ పోయి పట్టుకుని ఆపలేదు కదా. వాటంతట అవే ఊగినాయి, వాటంతట అవే నిలబడినాయి. అది ఎవరి పుణ్యం? ఈ ప్రశ్నలో ఉన్న రుచి మొదటి ప్రశ్నలో లేదు. ఇళ్ళు బతికేదీ కూలేదీ తేలేది ఇక్కడే.

మన నడవలో గొలుసుల ఉయ్యాల ఉంది చూడండి, మీ అవ్వ మధ్యాహ్నం పూట తమలపాకులు పెట్టుకుని కూర్చునేది. కొండమీద సాయంత్రం సహస్ర దీపాల నడుమ స్వామికీ అమ్మవార్లకూ ఊంజల్ సేవ చేస్తారు, అదీ ఉయ్యాలే. దాన్ని ఒక్కసారి నెట్టి వదిలేసి, పక్కన నిలబడి లెక్కపెట్టండి. గొలుసు ఎనిమిది అడుగులు ఉందనుకోండి, ఒకసారి పోయి తిరిగి రావడానికి మూడు సెకన్లకు కొంచెం పైన పడుతుంది. అవ్వ కూర్చున్నా అంతే, చిన్నోడు కూర్చున్నా దాదాపు అంతే. ప్రతి ఉయ్యాలకీ తనదైన తాళం ఒకటుంటుంది. ఇంటికీ అంతే. కాంక్రీటు ఇంటికి అంతస్తుకు పదోవంతు సెకను చొప్పున వేసుకోండి, చేతి లెక్కకు అది చాలు. నాలుగంతస్తుల ఇల్లు ఒక ఊపు ఊగడానికి అర సెకను లోపే పడుతుంది. రెప్పపాటు పని.

ఇప్పుడు ఉయ్యాలను ఎవరైనా నెడతా ఉన్నారనుకోండి. అది వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు పోబోయే క్షణంలో నెడితే చిన్న చెయ్యి కూడా చాలు, ఉయ్యాల దూలాన్ని తాకేలా లేస్తుంది. తాళం తప్పి, ఎదురొస్తున్నప్పుడు నెడితే మీ చెయ్యే నొప్పి పుడుతుంది. భూకంపం కూడా అట్లా ఇంటిని నెడుతుంది. దాని నెట్టుడు, ఇంటి తాళం కలిసినాయంటే ఇక చూడాల్సిన పని లేదు. 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరంలో అదే జరిగింది. భూకంపం పుట్టింది 350 కిలోమీటర్ల అవతల, సముద్రం ఒడ్డున. నగరం ఉన్నది ఒక పాత చెరువు ఎండిపోయిన మెత్తటి మట్టి మీద. ఆ మట్టి రెండు సెకన్లకొక ఊపుగా ఊగడం మొదలుపెట్టింది. పొట్టి ఇళ్ళు చాలావరకు నిలబడినాయి, మరీ ఎత్తయినవీ నిలబడినాయి. ఆరంతస్తుల నించి పదిహేనంతస్తుల దాకా ఉన్న భవనాలకే ఎక్కువ చేటు జరిగింది. మట్టి తాళం వాటికి దగ్గరగా ఉండడమే కారణం.

సరే, నెట్టడం ఆపేస్తిమి. ఉయ్యాల ఏమవుతుంది? ఊపు తగ్గుతా తగ్గుతా వచ్చి నిలబడిపోతుంది. పైన కొక్కెం దగ్గర గొలుసు రాసుకుని కిర్రుమంటుంది, గాలి కొంచెం అడ్డం పడుతుంది. ఆ రాపిడి ప్రతి ఊపులోనూ కొంత తినేస్తుంది. తిన్నదంతా వేడిగా మారిపోతుంది. కొక్కేనికి ఆముదం రాయండి, కిర్రు పోతుంది, కానీ ఉయ్యాల ఇంకా ఎక్కువసేపు ఊగుతుంది. ఊపును ఇట్లా తినేసే గుణాన్నే ఇంజనీర్లు డ్యాంపింగ్ అంటారు.

ఇంట్లో ఈ రాపిడి యాడుంటుంది? వెతికితే ప్రతి మూలా ఉంటుంది. పిల్లరుకీ ఇటుక గోడకీ మధ్య సన్నటి సందు ఉంటుంది, ఇల్లు కదిలినప్పుడు రెండూ రాసుకుంటాయి. కాంక్రీటులో కంటికి కనపడని వెంట్రుక బీటలు వేలకు వేలు ఉంటాయి, తెరుచుకుని మూసుకునేటప్పుడు వాటి అంచులు రాసుకుంటాయి. గోడపూత, బండలు, కిటికీ చట్రాలు, చివరికి పునాది కింద మన్ను కూడా తలా కొంచెం తింటాయి. ఇంకో విచిత్రం ఏందంటే, ఊపు చిన్నగా ఉన్నప్పుడు ఇవి తినేది కూడా తక్కువే. ఊపు పెరిగేకొద్దీ మరిన్ని చోట్ల రాపిడి మొదలై, వీటి ఆకలి కూడా పెరుగుతుంది. మామూలు గాలికి అదిరే ఇంట్లో కొలిస్తే ఒకటో రెండో శాతం వస్తుంది. గట్టి కుదుపులో ఐదు దాకా పోతుంది.

శాతం అంటే దేంట్లో శాతం అని పెద్దోడు అడగబోతున్నాడు, మొహం చూస్తేనే తెలుస్తా ఉంది. పక్కకు లాగి వదిలితే అసలు ఊగకుండా, మెల్లగా తన చోటికొచ్చి నిలబడిపోయేంత అడ్డం ఉందనుకో. దాన్ని 100 అనుకుంటారు. దాంట్లో 5 వంతులు మన కాంక్రీటు ఇంటికి ఉన్నాయని మన దేశపు భూకంప నిబంధనల పుస్తకం ఐఎస్ 1893 లెక్క. ఐదంటే చాలా తక్కువ అనిపిస్తుంది కదా? దాని పని చూడండి. మొదటి ఊపు 100 అనుకుంటే, రెండోది 73కి దిగుతుంది, మూడోది 53, నాలుగోది 39. పది ఊపులు అయ్యేసరికి 4 మిగులుతుంది. అదే 2 శాతం ఉన్న ఇల్లయితే పది ఊపుల తరవాత కూడా 28 మిగిలి ఉంటుంది. అర సెకను తాళం ఉన్న ఇంటికి పది ఊపులంటే ఐదు సెకన్లు. పలమనేరు ఇళ్ళు ఎందుకు ఆగినాయో ఇప్పుడు తెలిసింది కదా.

నెట్టుడు తాళంలో పడి ఆపకుండా సాగితే 5 శాతం ఉన్న ఇంట్లో ఊపు పది రెట్లు పెరుగుతుంది. 2 శాతం ఉంటే ఇరవై ఐదు రెట్లు. మన అదృష్టం కొద్దీ భూకంపానికి అంత ఓపిక ఉండదు. ఒకసారి ఇట్లా, ఒకసారి అట్లా తాళం లేకుండా నెట్టి, అర నిమిషమో నిమిషమో ఆడి పోతుంది. అందుకే పుస్తకంలో లెక్క అంత ఘోరంగా ఉండదు. 2002 నాటి ఐఎస్ 1893లో ఒక చిన్న పట్టిక ఉండేది. 5 శాతానికి ఒక రూపాయి బలం కావాలంటే, 2 శాతానికి రూపాయి నలభై పైసలు, 10 శాతానికి ఎనభై పైసలు, 20 శాతానికి అరవై పైసలు. గమనించినారా? 2 నించి 5కి వస్తే నలభై పైసలు మిగిలింది. 10 నించి 20కి పోతే మిగిలింది ఇరవయ్యే. మొదటి కొంచెం రాపిడికే విలువ ఎక్కువ.

ఇంతవరకూ చెప్పింది బుద్ధిగా ఊగే ఇంటి సంగతి. రెట్టింపు నెడితే రెట్టింపు ఊగి, మళ్ళీ తన చోటికే వచ్చి నిలబడే ఇల్లు. పెద్ద భూకంపంలో ఈ బుద్ధి చెడిపోతుంది. కథ అసలు అక్కడే మొదలవుతుంది.

చిన్నోడా, మేడ మీద పనికి తెచ్చిన బైండింగ్ వైరు మిగిలి ఉంది కదా, ఒక జానెడు ముక్క తెచ్చివ్వు. ఇదుగో, కొంచెం వంచి వదిలినా. నిటారుగా లేచింది. ఇప్పుడు గట్టిగా వంచినా. వంకర అట్లాగే ఉండిపోయింది. ఇంక లేవదు. ఇప్పుడు నువ్వు తీసుకుని అదే చోట అటూ ఇటూ గబగబా వంచు. చాలు. ఆ మడత దగ్గర పెదవికి తాకించి చూడు. చురుక్కుమనింది కదా! నిప్పు లేదు, ఎండ లేదు, ఆ వేడి ఎట్లా వచ్చింది? నీ చేతిలో శక్తి ఇనుము లోపలికి పోయి వేడయింది. గట్టిగా వంగిన ఇనుము శక్తిని తింటుంది. కొక్కెం దగ్గర కిర్రుమనే రాపిడి తినేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తింటుంది. ఇంకా వంచుతా పో. అదిగో, విరిగింది. అది కూడా గుర్తు పెట్టుకోండి.

మన పిల్లర్లలో, బీముల్లో ఉన్న కమ్మీలు పెద్ద భూకంపంలో చేసే పని ఇదే. ఇల్లు అటు పోయినప్పుడు ఒక పక్క కమ్మీలు సాగుతాయి, ఇటు వచ్చినప్పుడు నొక్కుకుంటాయి. సాగినప్పుడల్లా, నొక్కుకున్నప్పుడల్లా భూమి పంపిన శక్తిలో కొంత వేడయిపోతుంది. ఎంత బలం పడితే ఎంత కదిలిందో ఇంజనీర్లు కాగితం మీద గీస్తారు. బుద్ధిగా ఊగే ఇంటికి అది ఒక సన్నటి గీత. కమ్మీలు సాగిన ఇంటికి గీత పొయ్యిన దారిన తిరిగి రాదు, ఇంకో దారిన తిరిగొచ్చి ఒక ఉంగరం అవుతుంది. ఆ ఉంగరం లోపలి వైశాల్యం ఎంతో, ఇల్లు ఆ ఒక్క ఊపులో తిన్న శక్తి అంత. గీత ఉంగరం కావడంలో ఇంత అర్థం దాగి ఉందని మొదటిసారి తెలిసినప్పుడు ఎవరికైనా భలే సంబరంగా ఉంటుంది.

ఇంకో రెండు మార్పులు కూడా జరుగుతాయి. ఇల్లు కొంచెం మెత్తబడుతుంది, దాని తాళం నిదానిస్తుంది. ఉయ్యాలలో కూడా ఇది ఉంది. మామూలు ఊపుల్లో తాళం మారదు కానీ, గొలుసు నేలకు సమాంతరంగా లేచేంత పైకి ఊపితే ఒక్కో ఊపుకు పట్టే కాలం ఆరోవంతుకు పైగా పెరుగుతుంది. పాత తాళంలో నెట్టేవాడి చెయ్యి అప్పుడు తప్పుతుంది. భూకంపం చెయ్యి కూడా అట్లా తప్పితే ఇల్లు బతుకుతుంది. ఒక్కోసారి కథ తిరగబడుతుంది కూడా. మెక్సికోలో సెకనుకొక ఊపు ఊగే భవనాలు దెబ్బతిని మెత్తబడి, మట్టి ఊగే రెండు సెకన్ల తాళం వైపే జరిగినాయి. తప్పించుకోబోయి ఎదురుపోయినట్టయింది. రెండో మార్పు, ఇల్లు జరిగినదాన్ని మరిచిపోదు. ఉయ్యాల ఆగినాక నిన్న ఎంత ఊగిందో దానికి గుర్తుండదు. సాగిన కమ్మీ సాగినట్టే ఉంటుంది, వాలిన ఇల్లు కొంచెం వాలే ఉంటుంది.

ఇదంతా తెలిసే నిబంధనలు రాసినారు. ఇల్లు ఏమాత్రం చెడకుండా నిలవాలంటే ఎంత బలం కావాలో ముందు లెక్కేస్తారు. మామూలుగా కట్టిన కాంక్రీటు చట్రానికి దాన్ని 3తో భాగిస్తారు. వంగినా విరగకుండా జాగ్రత్తలు తీసుకున్న చట్రానికి 5తో భాగిస్తారు. ఐదు పాళ్ళు కావలసిన చోట ఒక పాలుకు కడతారన్నమాట! మోసం కాదు ఇది. కొంత, కట్టుబడిలో ఎట్లాగూ ఉండే మిగులు బలం ఆదుకుంటుంది. మిగతాది కమ్మీలు సాగి శక్తిని తినడం వల్ల గడుస్తుంది. గోడలు బీటలు వారినా సరే, లోపలి మనుషులు బయటికి నడిచి రావాలి. నిబంధనలు ఇచ్చే మాట అంతవరకే. ఏ బీటా పడదని అవి చెప్పవు.

మరి ఇప్పుడు ఆ 5 శాతం సంగతేంది? బుద్ధిగా ఊగే ఇంటికి 2కీ 5కీ మధ్య తేడా చాలా పెద్దది, నలభై పైసల లెక్క చూస్తిమి కదా. కమ్మీలు సాగడం మొదలైనాక ఆ తేడా చిన్నబోతుంది. సాగడం మొదలైన హద్దుకు నాలుగు రెట్లు కదిలిన మంచి కాంక్రీటు చట్రం, ఉంగరంలో తినేదాన్ని కూడా కలిపి చూస్తే, 15 నించి 18 శాతం డ్యాంపింగ్ ఉన్న ఇల్లు తిన్నంత తింటుంది. అంత పెద్ద మేత ముందర మొదటి రాపిడి రెండైతే ఏంది, ఐదైతే ఏంది?

ఇక్కడే ప్రపంచంలోని పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా చాన్నాళ్ళు తన్నుకున్నారు. కంప్యూటరులో ఇంటిని కట్టి, దానికి పాత భూకంపం రికార్డును ఆడించి చూస్తారు. రాపిడిని చూపడానికి ఇంటి బరువు నించీ, బిగువు నించీ కొంత కొంత తీసుకుని లెక్కలో వేస్తారు. 1877లో ధ్వని మీద పెద్ద గ్రంథం రాసిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ పేరే ఆ పద్ధతికి పెట్టినారు. చిక్కేందంటే, ఇల్లు దెబ్బతిని మెత్తబడినాక కూడా కంప్యూటరు పాత బిగువునే పట్టుకుని రాపిడి లెక్కేస్తుంది. కమ్మీ సాగి తినే శక్తి ఒక పక్క నడుస్తా ఉంటుంది. దాని మీద ఇంట్లో యాడా లేని ఇంకో రాపిడి బలం తెర మీద పుట్టుకొస్తుంది. తెర మీద ఇల్లు నిలబడుతుంది, నేల మీద నిలబడుతుందన్న భరోసా లేదు. 2005లో ప్రీస్ట్లీ, గ్రాంట్ అనే ఇద్దరు, 2006లో జాన్ హాల్, 2008లో ఫిన్లీ చార్నీ ఈ మాట గట్టిగా చెప్పినారు. బిగువు తగ్గినప్పుడల్లా రాపిడి లెక్క కూడా తగ్గించండి, లేదా మొదటే తక్కువ వేసుకోండి అని. అమెరికాలో ఎత్తయిన భవనాల లెక్కల్లో ఇప్పుడు 5 వాడరు, దాంట్లో సగమో అంతకంటే తక్కువో వాడతారు. మన పెద్దోడు రేపు ఏర్పేడు ఐఐటీలోనో, హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో ఉన్న భూకంప ఇంజనీరింగు కేంద్రంలోనో చేరితే ఈ తగాదా వాడి బల్ల మీదికే వస్తుంది.

"రాపిడి ఉంటే చాలు కదా తాతా, మన పాత మిద్దెల్లో బోలెడంత ఉంటుంది" అంటుంది అమ్మణ్ణి. మంచి మాట. మన రాయలసీమ మిద్దె ఎట్లుంటుంది? రెండడుగుల మందాన రాతి గోడలు, మధ్యలో బంకమన్ను, పైన దూలాలు, దంతెలు, వాటి మీద మందంగా చౌడు మన్ను. ఎండాకాలం చల్లగా ఉంటుంది, అందులో పడుకుంటే వచ్చే నిద్రే వేరు. అది కదిలితే రాయికీ రాయికీ మధ్య రాపిడికి కొదవ లేదు. కానీ సాగే గుణం దాంట్లో చుక్క కూడా లేదు. 1993 సెప్టెంబరు 30న, తెల్లవారక ముందే, మహారాష్ట్రలో లాతూరు పక్కన కిల్లారిలో 6.2 తీవ్రతతో భూమి కంపించింది. అక్కడివీ ఇట్లాంటి ఇళ్ళే, మన్నుతో పేర్చిన రాతి గోడలు, పైన బరువైన మట్టి కప్పు. గోడలు లోపలి పొర, బయటి పొరగా విడిపోయి, కప్పు మనుషుల మీద పడింది. దాదాపు పదివేలమంది నిద్రలోనే పోయినారు.

కిల్లారి అప్పటి దేశపు భూకంప పటంలో ఏ భూకంప మండలంలో ఉందో తెలుసా? ఒకటో మండలంలో. అన్నిటికంటే భద్రమైనదని రాసుకున్న దాంట్లో. అందుకే 'మనది గట్టి నేల, మనకేమీ కాదు' అంటే నేను ఒప్పుకోను. మనది పాత నేలే, అందులో అనుమానం లేదు. తిరుమల ఘాట్ రోడ్డులో పోయేటప్పుడు ఒకచోట కింద గ్రానైటు, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కలిసే గీత కనపడుతుంది. కింది రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు, పైదానికి 160 కోట్లు. ఆ గీత దగ్గర వేలు పెడితే మధ్యలో మాయమైన కోట్ల కోట్ల సంవత్సరాల మీద వేలు పెట్టినట్టే. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని జాతీయ స్మారకంగా గుర్తించినారు. ఎంత పాతదైనా, కిల్లారి నేల కూడా పాతదే. 2002లో పటం తిరగరాసి ఒకటో మండలాన్నే ఎత్తేసినారు. చెన్నపట్నాన్ని రెండు నించి మూడుకు మార్చినారు.

ఇల్లు జరిగినదాన్ని మరిచిపోదని చెప్పినా కదా. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న రాత్రి కూలిపోయింది. భూకంపం రాలేదు ఆ రోజు. బీట పెద్దదవుతా పెద్దదవుతా పోయి గోపురాన్ని రెండుగా చీల్చింది. తిరిగి కట్టి 2017లో కుంభాభిషేకం చేసినారు. గోడలో బీట పడితే సున్నం పూసి దాచేవాళ్ళకు నేనెప్పుడూ ఈ గోపురం సంగతే చెప్తా.

వంగేది ఎక్కడ వంగాలో ముందే నిర్ణయించకపోతే ఏమవుతుందో అహ్మదాబాదు చూపించింది. 2001లో భూకంపం పుట్టిన చోటికి 200 కిలోమీటర్లకు పైగా దూరం ఉన్న ఊరది. అయినా అపార్టుమెంట్లు కూలినాయి. చాలావాటిలో పై అంతస్తులకు ఇటుక గోడలున్నాయి, కింద కార్లకోసం ఉత్త పిల్లర్లే. పైన గట్టిగా ఉండి, కింద మెత్తగా ఉంటే వంగుడంతా ఆ ఒక్క అంతస్తు మీదే పడుతుంది. ఇంటిల్లిపాదీ పంచుకుని తినాల్సిన శక్తిని నాలుగు పిల్లర్ల నెత్తిన పెడితే అవెంతసేపు ఓర్చుకుంటాయి? మన తిరుపతిలో లాడ్జీలు, అపార్టుమెంట్లు ఎట్లా కడుతున్నారో మీరే చూసి చెప్పండి.

రాపిడిని బయటినించి తెచ్చి పెట్టే పద్ధతులు కూడా ఉన్నాయి. మీ నాయన బండికి ఉండే షాకబ్జార్బరునే ఏనుగంత చేసి భవనాల్లో బిగిస్తారు. తైవానులో తైపే 101 భవనం పైభాగాన 660 టన్నుల ఇనుప గుండును వేలాడదీసినారు, భవనం ఒక పక్కకు పోతే అది ఇంకో పక్కకు లాగుతుంది. భుజ్‌లో భూకంపం తరవాత తిరిగి కట్టిన ఆసుపత్రిని రబ్బరు దిమ్మెల మీద నిలబెట్టినారు, ఆ దిమ్మెల నడుమ సీసం కడ్డీ ఉంటుంది. న్యూజిలాండు ఇంజనీరు బిల్ రాబిన్సన్ 1970లలో కనిపెట్టిన ఉపాయం అది. సీసమే ఎందుకు? ఇందాక మన వైరు వంచి వంచి విరిగింది చూస్తిరి కదా. సీసం వంగి వేడెక్కినాక మామూలు చల్లదనంలోనే లోపలి గింజలు మళ్ళీ కుదురుకుని కొత్తదవుతుంది. ఎన్నిసార్లు వంచినా మళ్ళీ తినడానికి సిద్ధం. ఆయనకు ఆ ఆలోచన తట్టిన రోజు ఎంత సంతోషపడి ఉంటాడో!

మన ఇంటికి అవన్నీ వద్దులే. మనకు చవకలో దొరికే మందు ఒకటుంది, పిల్లర్లకు కట్టే రింగులు. కమ్మీ సాగేటప్పుడు పక్కకు ఉబ్బి బయటికి రాకుండా, లోపలి కాంక్రీటు పిండి కాకుండా పట్టుకునేవి అవే. రింగు గట్టిగా ఉంటే పిల్లరు పదిసార్లు వంగి పదిసార్లూ శక్తి తింటుంది. లేకపోతే రెండోసారికే విరుగుతుంది. దానికోసమే ఐఎస్ 13920 అని ఇంకో పుస్తకం ఉంది. పిల్లరు కంటే బీము ముందు వంగాలని, కలిసే చోట పిల్లర్ల బలం బీముల బలానికి 1.4 రెట్లు ఉండాలని 2016లో దాంట్లో రాసినారు. ఇదంతా బొమ్మలతో సులువుగా చదవాలంటే ప్రొఫెసర్ సి.వి.ఆర్. మూర్తి ఐఐటీ కాన్పూరులో ఉన్నప్పుడు రాసిన 24 చిన్న పాఠాలు, 'ఎర్త్‌క్వేక్ టిప్స్' అని ఉన్నాయి, వెతికి చదవండి.

అదిగో, కరెంటు వచ్చింది. పోయే ముందు ఒక్క మాట వినండి. మీరు పెద్దయి ఇల్లు కట్టుకునేటప్పుడు, లేదా రేపే మీ పక్కింట్లో పని జరిగేటప్పుడు, కాంక్రీటు పొయ్యకముందే టేపు పట్టుకుని పొయ్యి చూడండి. బీము, పిల్లరు కలిసే చోటినించి పైకీ కిందికీ అడుగున్నర మేర రింగుకూ రింగుకూ మధ్య నాలుగంగుళాలు దాటకూడదు. పన్నెండంగుళాల పిల్లరయితే మూడే. రింగు కొసలు ఎల్ ఆకారంలో వంచి వదిలేస్తే ఒప్పుకోవద్దు, 135 డిగ్రీలు లోపలికి తిప్పి, కొస రెండున్నర అంగుళాలకు పైగా కాంక్రీటు లోపలికి పోవాలి. మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనియ్యండి. ఇంటికి ముగ్గుబండ, గుమ్మానికి టేకు, హాలుకు గ్రానైటు, అన్నిటికీ ఖర్చు పెట్టి రింగుల దగ్గర పిసినారితనం చూపించొద్దు. కాంక్రీటు పోసినాక వాటిని చూడాలన్నా చూడలేరు.